మనిషి స్వభావం, వ్యక్తిత్వ రుగ్మత: సాయం చేసేవారు తెలుసుకోవలసిన సంగతులు

(రుద్రూర్ వార్షిక సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో పిల్లల ఫీజుల గురించి, వితంతువుల పింఛన్ల గురించి, పెళ్లి సాయం గురించి, ఆపరేషన్ల ఖర్చు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మనిషి స్వభావం గురించి నాలుగు మాటలు మీ ముందు ఉంచాలనుకున్నాం. ఇది కాలేజీల్లో చెప్పే పాఠం కదా, దానధర్మాల సభలో ఎందుకు అని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. సాయం కోరి వచ్చినవారి పేర్లు చదువుతున్నప్పుడు ఏ ఊళ్లోనైనా కొన్ని మాటలు వినిపిస్తాయి. "వాడి బుద్ధే అంత." "ఆమె నోరు మంచిది కాదు." "ఆ ఇంటివాళ్లకు ఎవరితోనూ పొసగదు, ఇచ్చినా దండగే." ఇలాంటి ఒక్క మాటతో ఒక ఇంటి పేరు జాబితాలోంచి జారిపోవచ్చు. తండ్రి కోపానికి కొడుకు ఫీజు ఆగిపోవచ్చు. కాబట్టి "బుద్ధే అంత" అనే మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవడం మనకు అవసరం.

మిజాజు అనే పాత మాట

మన ఇళ్లలో పెద్దలు ఎదురుపడితే "మిజాజ్ కైసే హై?" అని పలకరించుకుంటారు. ఈ మాట యునానీ వైద్యంలోనిది. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ దవాఖానాలో ఇప్పటికీ హకీములు రోగి మిజాజు చూస్తారు. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్‌ను, అంటే మన హకీములు జాలీనూస్ అని పిలిచే ఆయనను, ఈ ఆలోచనకు పెద్ద దిక్కుగా చెబుతారు. ఒంట్లో నాలుగు ద్రవాలుంటాయని, వాటిలో ఏది ఎక్కువైతే మనిషి స్వభావం అలా ఉంటుందని ఆనాటి వైద్యులు తలచారు. రక్తం పాలు ఎక్కువైనవాడు దమవీ, ఉల్లాసంగా ఉంటాడు. కఫం ఎక్కువైనవాడు బల్గమీ, నిదానస్తుడు. పసుపు పిత్తం ఎక్కువైతే సఫ్రావీ, ముక్కోపి. నల్ల పిత్తం ఎక్కువైతే సౌదావీ, దిగులు మనిషి. ఇబ్న్ సీనా (980–1037) తన వైద్య గ్రంథంలో ఈ మిజాజు సిద్ధాంతాన్ని విస్తరించి రాశాడు. ఆయుర్వేదంలో వాత, పిత్త, కఫ ప్రకృతులు అనడం కూడా మనం విన్నదే.

ద్రవాల వల్ల స్వభావం ఏర్పడుతుందని నేటి శాస్త్రం ఒప్పుకోదు. అయినా ఆ పాత వైద్యుల మాటలో ఒక మేలైన సంగతి ఉంది. నలుగురు మనుషులు నాలుగు రకాలుగా పుట్టడం సహజం, అందులో తప్పేమీ లేదు అన్నారు వారు.

మన విద్వాంసులు ఇంకో అడుగు ముందుకు వేశారు. 934లో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ శరీరానికీ మనసుకూ రెంటికీ జబ్బు చేస్తుందని, రెంటికీ చికిత్స ఉందని ఒక గ్రంథమే రాశాడు. కోపం, భయం, దుఃఖం, వదలని వస్‌వాసులు, వీటన్నిటి గురించి విడివిడిగా చెప్పాడు. ఇంట్లో మందులు దాచుకున్నట్టే, మనసు బాగున్న రోజుల్లో మంచి ఆలోచనలను దాచుకొని కష్టకాలంలో వాడుకోమని ఆయన సలహా. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ, స్వభావం మారదనేవారికి జవాబు చెబుతూ ఖర్జూరపు గింజను ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ గింజ ఇంకా చెట్టు కాదు. పెంచితే ఖర్జూర చెట్టవుతుంది, ఎంత పెంచినా ఆపిల్ చెట్టు మాత్రం కాదు. అంటే పుట్టుకకు ఒక హద్దు ఉంది, పెంపకానికి ఒక బలం ఉంది.

రుద్రూర్‌వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. మన ఊళ్లోనే చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. ఒకే రకం విత్తనం నీరందిన పొలంలో ఒకలా, కాలువ చివరి పొలంలో ఒకలా పండుతుందని రైతులకు తెలుసు. పంట సరిగా రాకపోతే విత్తనాన్ని ఒక్కదాన్నే తిట్టం. నీరు, ఎరువు, చీడ, అన్నీ చూస్తాం. కవలల మీద జరిగిన పరిశోధనలు కూడా దాదాపు ఇదే చెప్పాయి. మనుషుల గుణాల్లో కనిపించే తేడాల్లో సుమారు సగం పుట్టుకతో వచ్చినది, మిగతాది జీవితం వల్ల వచ్చినది.

శాస్త్రవేత్తలు ఏమన్నారు

బీఎడ్ చదివే పిల్లల పుస్తకాల్లో దీన్ని "మూర్తిమత్వం" అంటారు. మనం వాడుక మాటలో వ్యక్తిత్వం అందాం. వ్యక్తిత్వం గురించి గత నూరేళ్లలో చాలా సిద్ధాంతాలు వచ్చాయి. వాటిలో మన పనికి వచ్చేవి కొన్ని చెబుతాం.

వియన్నా వైద్యుడు ఫ్రాయిడ్ 1923లో మనసును మూడు భాగాలుగా చూపాడు. కోరికలు తీర్చుకోవాలని తొందరపడే అచిత్తు, తప్పొప్పులు చెప్పి మందలించే అధ్యహం, ఈ రెంటి మధ్య నలుగుతూ లోకంతో సర్దుకుపోయే అహం. నఫ్స్ గురించి మన ఆలిమ్‌లు చెప్పేదానితో దీన్ని పోల్చేవారున్నారు. రెండూ ఒకటి కాదు. కానీ మనిషి లోపల పెనుగులాట ఉంటుందని, పైకి కనిపించేదే మొత్తం మనిషి కాదని రెండు చోట్లా ఉంది.

అమెరికాలో ఆల్బర్ట్ బందూరా 1961లో చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. పెద్దవాళ్లు ఒక బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు, తమ వంతు రాగానే ఆ బొమ్మను అలాగే కొట్టారు. పిల్లలు చెప్పింది వినరు, చేసింది చూస్తారు అని మన అమ్మలు అనేదే ఇది. కార్ల్ రోజర్స్ అనే మరొకాయన, మనిషిని తూకం వేయకుండా ఆదరించే చోటే మనిషి ఎదుగుతాడని చెప్పాడు.

గుణాలను లెక్కకట్టినవారు ఇంకో దారి పట్టారు. 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకొని, మనుషులను వర్ణించే మాటలు ఏరితే దాదాపు 18,000 తేలాయి. మన తెలుగులో మాత్రం తక్కువా? ముక్కోపి, మొండి, పిసినారి, నెమ్మదస్తుడు, గడుసు, కలుపుగోలు, బిడియస్తురాలు, నిలకడ లేనివాడు. ఇలాంటి మాటలను ఒకచోట చేర్చి తర్వాతివారు పరిశోధనలు చేయగా చివరికి ఐదు పెద్ద గుణాలు నిలిచాయి. కొత్తదనం మీద ఆసక్తి, పని మీద నిష్ఠ, కలుపుగోలుతనం, ఎదుటివారితో సర్దుకుపోయే మెత్తదనం, మనసు త్వరగా కలతపడే గుణం. ఈ ఐదూ మనలో ప్రతి ఒక్కరిలో ఉంటాయి. ఒకరిలో ఎక్కువ, ఒకరిలో తక్కువ. ఎవరూ పూర్తిగా ఇటు కాదు, పూర్తిగా అటు కాదు.

1968లో వాల్టర్ మిషెల్ ఇంకో ప్రశ్న లేవదీశాడు. చోటును బట్టి మనిషి నడత మారుతుంది కదా, ఒకచోట చూసి మొత్తం మనిషిని ఎలా తేలుస్తాం అన్నాడు. మసీదులో నోరు విప్పని మనిషి పొలంలో కూలీలతో గట్టిగా మాట్లాడతాడు. దుకాణం ముందు అప్పు కోసం కసురుకునే ఆడమనిషి, పక్కింటి బిడ్డకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంటుంది. సాయం కోసం చేయి చాచిన రోజున మనిషి ఎలా మాట్లాడాడో అదే అతని స్వభావం అనుకోలేం. చేయి చాచడం ఎవరికైనా కష్టమే. కొందరికి ఆ కష్టం కోపంగా బయటపడుతుంది.

గుణం రుగ్మత అయ్యేది ఎప్పుడు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఏ గుణాన్ని జబ్బు అనాలి? జర్మనీ వైద్యుడు కుర్ట్ ష్నైడర్ 1923లోనే ఒక కొలత ఇచ్చాడు. తన స్వభావం వల్ల తానైనా బాధపడాలి, లేదా చుట్టూ ఉన్నవారైనా బాధపడాలి. మనకు నచ్చకపోవడం కొలత కాదు.

నేటి వైద్యులు దీన్ని ఇంకా వివరంగా చెబుతారు. ఆలోచన, భావాలు, మనుషులతో మెలిగే తీరు, తనను తాను అదుపు చేసుకునే శక్తి, ఇవి చిన్న వయసు నుంచే గాడి తప్పి ఉండాలి. ఒకచోట కాకుండా ఇంటా బయటా, పనిలో, స్నేహంలో అన్నిచోట్లా అలాగే ఉండాలి. ఏళ్ల తరబడి సాగాలి. దానివల్ల బతుకు దెబ్బతినాలి. ఆ మనిషి పుట్టిపెరిగిన సమాజపు అలవాట్లకు కూడా అది దూరంగా ఉండాలి. పరాయి మగవారి ముందు మాట్లాడని మన ఆడపిల్లను బిడియపు రుగ్మత అనకూడదు. ఉమ్మడి కుటుంబంలో అన్న మాట మీద నడిచే తమ్ముణ్ణి పరాధీనుడు అనకూడదు.

అమెరికా వైద్యుల పుస్తకంలో పది వ్యక్తిత్వ రుగ్మతలు మూడు గుంపులుగా ఉన్నాయి. మొదటి గుంపులో ప్రతి ఒక్కరినీ అనుమానించేవారు, ఎవరితోనూ కలవకుండా ఒంటరిగా ఉండిపోయేవారు, వింత ఆలోచనలతో బతికేవారు. రెండో గుంపులో ఇతరుల హక్కులను తొక్కి పశ్చాత్తాపం లేనివారు, ప్రేమ, కోపం, భయం మధ్య ఊగిసలాడుతూ తమకు తామే హాని చేసుకునేవారు, అందరి చూపు తమ మీదే ఉండాలనుకునేవారు, తమను మించినవారు లేరనుకునేవారు. మూడో గుంపులో నలుగురు ఏమంటారోనని దాక్కునేవారు, ఒకరి ఆసరా లేకుండా చిన్న నిర్ణయం కూడా తీసుకోలేనివారు, ప్రతిదీ నియమం ప్రకారం జరగాలని తమనూ ఇంట్లోవాళ్లనూ వేధించేవారు.

ఈ జాబితా వింటుంటే మీకు పక్కింటివారు, చుట్టాలు గుర్తుకు వస్తుండవచ్చు. అక్కడే జాగ్రత్త కావాలి. ఈ గుణాల నీడ కొంచెం కొంచెం మనందరి మీదా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలు చేసిన కొత్త వర్గీకరణలో పేర్ల కంటే తీవ్రతకే పెద్దపీట వేసింది. స్వల్పం, మధ్యమం, తీవ్రం అని మూడు మెట్లు. వాటికి కింద "వ్యక్తిత్వ ఇబ్బంది" అని ఇంకొకటి ఉంది, దాన్ని జబ్బుగా లెక్కించరు. పేరు పెట్టే పని శిక్షణ పొందిన వైద్యుడిది, అదీ మనిషితో చాలాసేపు మాట్లాడి, కుటుంబాన్ని అడిగి చేసేది. 18 ఏళ్లు నిండనివారికి సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం అనే పేరు పెట్టకూడదని అమెరికా పుస్తకంలో నియమమే ఉంది. పదిహేనేళ్ల పిల్లవాడు ఒకసారి డబ్బు దొంగిలిస్తే "వీడు ఇంతే" అనే హక్కు పెద్ద వైద్యులకే లేదు. మనకు ఎక్కడిది?

స్వభావంలా కనిపించే వేరే జబ్బులు

ఒక తేడా మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలని మనవి. స్వభావం పాతది, జబ్బు కొత్తగా వస్తుంది. నలభై ఏళ్లు నెమ్మదిగా బతికిన మనిషి మూడు నెలల్లో కోపిష్టిగా మారితే అది బుద్ధి మారడం కాదు. డిప్రెషన్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, తలకు తగిలిన దెబ్బ కావచ్చు, మెదడులో గడ్డ కావచ్చు. కాన్పు తర్వాత బిడ్డను ముట్టుకోని తల్లిని రాతి గుండె అనకండి, డాక్టరుకు చూపించండి.

మన జిల్లా కళ్లారా చూసిన ఉదాహరణ ఒకటుంది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా తగ్గింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతోమంది వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలు, విపరీత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలిపేవారు. రోజూ లోపలికి పోతున్న మందు ఆగేసరికి మెదడు తట్టుకోలేకపోయింది. వారు పిచ్చివాళ్లూ కాదు, చెడ్డవాళ్లూ కాదు. చికిత్స కావలసిన రోగులు.

గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారి సంగతి కూడా ఆలోచించాలి. పదేళ్లు ఒంటరిగా ఎండలో పనిచేసి, అప్పుతో వెళ్లి అప్పుతో తిరిగి వచ్చిన మనిషి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకపోతే, పిల్లలు తనను కొత్తవాడిలా చూస్తుంటే చిరాకు పడితే, దానికి వ్యక్తిత్వ రుగ్మత అనే పేరు అవసరం లేదు. అప్పు తీరే దారి, పని, మాట్లాడే మనిషి అవసరం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక జీతం లేక ఇళ్లలో కూర్చున్న కార్మికుల కోపానికి కూడా కారణం ఎక్కడుందో మీకు తెలుసు.

మారుతుందా?

మారుతుంది. మామూలు స్వభావమే వయసుతో మారుతుంది. యౌవనం దాటి నడి వయసు వైపు సాగేకొద్దీ ఎక్కువమందిలో పని మీద నిష్ఠ, సర్దుకుపోయే గుణం పెరుగుతాయని, మనసు కలత తగ్గుతుందని చాలా దేశాల్లో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి.

రుగ్మత సంగతి? భావాలు ఊగిసలాడి తమకు తామే హాని చేసుకునే రుగ్మతను ఒకప్పుడు వైద్యులు కూడా నయం కాదని వదిలేసేవారు. అమెరికాలోని మెక్‌లీన్ ఆసుపత్రిలో చేరిన అలాంటి 290 మందిని పరిశోధకులు పదేళ్లపాటు విడవకుండా గమనించారు. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం 93 శాతం మందిలో లక్షణాలు తగ్గి కనీసం రెండేళ్లు అలాగే ఉన్నాయి. అయితే మంచి పని, మంచి సంబంధాలతో పూర్తిగా నిలదొక్కుకున్నవారు సగం మందే. జబ్బు తగ్గినా బతుకు కుదుటపడటానికి ఇంకా ఆసరా కావాలన్నమాట. ఈ రుగ్మతకు మాటలతో, సాధనతో చేసే ఒక చికిత్సను రూపొందించిన మార్షా లినెహాన్, యౌవనంలో తాను కూడా ఇదే బాధ పడ్డానని 2011లో లోకానికి చెప్పింది. ఒకప్పుడు ఆసుపత్రిలో తాళం వేసిన గదిలో ఉన్న అమ్మాయి తర్వాత వేలమందికి దారి చూపింది.

స్వభావాన్ని మార్చే మాత్ర ఏదీ లేదు. దిగులుకు, నిద్రలేమికి మందులిస్తారు. అసలు చికిత్స మాత్రం వారం వారం, నెలల తరబడి మాట్లాడుతూ చేసేది. పేదవాళ్లకు కష్టమంతా ఇక్కడే. వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే తల్లి కొడుకును తీసుకొని నిజామాబాద్ వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. రెండుసార్లు వెళ్లి మూడోసారి మానేస్తుంది. బెంగళూరు నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన 2015–16 జాతీయ సర్వేలో, మానసిక జబ్బులున్నవారిలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ అంకెల వెనుక ఇలాంటి తల్లులున్నారు.

మనం చేయగలిగినది

దాతలకు మేము నాలుగు సంగతులు మనవి చేస్తున్నాం.

మొదటిది, అవసరం అడుగుదాం, నడవడికి మార్కులు వేయవద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, సమాజపు కట్టుబాట్లకు, మత విశ్వాసాలకు ఒదగనంత మాత్రాన ఎవరినీ మానసిక రోగి అనకూడదని చెబుతోంది. చట్టం అనకూడదన్న మాటను మన దానపు పుస్తకంలో రాయకూడదు.

రెండోది, డబ్బు చేతికిస్తే పాడు చేస్తాడన్న భయం నిజమే అయితే, ఫీజు నేరుగా స్కూలుకు కడదాం, రేషన్ కిరాణా దుకాణం ద్వారా పంపుదాం, అద్దె ఇంటి యజమానికి ఇద్దాం. మనిషి మీద నమ్మకం లేదని ఇల్లు మొత్తాన్ని వదలవద్దు.

మూడోది, ఒక్కసారి ఇచ్చి ఊరుకునే సాయం ఈ జబ్బుకు సరిపోదు. ఒక రోగికి ఏడాది పాటు బస్సు ఛార్జీ, పోయిన కూలి, వెంట వెళ్లే ఒక మనిషి, ఈ మూడూ కావాలి. జకాత్ నుంచి ఏది చెల్లుతుందో, సదఖా నుంచి ఏది ఇవ్వాలో ఆలిమ్‌లను అడిగి చేద్దాం. రోగి పేరు సభలో చదవవద్దు. వివరాలు గోప్యంగా ఉంచమనే హక్కు ఆ చట్టమే ఇచ్చింది.

నాలుగోది, రుగ్మత ఒక కారణం కావచ్చు గానీ, కొట్టడానికి అనుమతి కాదు. భార్యాపిల్లలు దెబ్బలు తింటున్న ఇంట్లో ముందు వారి రక్షణ చూడాలి. "ఓర్చుకో బేటీ" అనడం సాయం కాదు. మహిళల కోసం 181 నంబరు ఉంది. చచ్చిపోతానని ఎవరైనా అంటే బెదిరిస్తున్నారని కొట్టిపారేయకండి, పక్కన కూర్చోండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ రెండు నంబర్లను ఇంటి గోడ మీద, మసీదు నోటీసు బోర్డు మీద, దుకాణం గల్లా దగ్గర రాసి పెట్టమని మనవి.

మెత్తగా మాట్లాడేవారికి, నవ్వుతూ దువా చేసేవారికి ఇవ్వడం సులువు. అలాంటివారికి ఇచ్చేవారు దొరుకుతారు. కసురుకునేవారు, అనుమానించేవారు, ఇచ్చిన చేతినే తిట్టేవారు, వారి ఇళ్లలోని పిల్లలు మిగిలిపోతారు. ఈ ఏడు మన జాబితాలో వారికి కూడా చోటు ఉండాలని కోరుతున్నాం. మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక, మన మనసులకూ మన ఇళ్లకూ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాం.